నీలమ్మ ఒడిలో పడ్డ పసుపు బియ్యం

పోయిన జూన్‌లో మా పాపను షాద్‌నగర్‌లో నర్సరీలో వేయడానికి తీసుకుపోయాను. ఫారం నింపుతున్న టీచరమ్మ, 'తల్లి చదువు' అనే గడి దగ్గరికి వచ్చి, "ఏ బళ్ళో చదివారమ్మా?" అని అడిగింది. "బళ్ళో చదవలేదండి, ఇంట్లోనే" అన్నాను. ఆమె పెన్ను ఆపి నన్నొకసారి చూసి, పోనీలే అన్నట్టు తర్వాతి గడిలోకి దిగింది. "మాతృభాష?" తెలుగని చెప్పి ఊరుకుంటే అయిపోయేది. ఆ రోజు ఎందుకో నా నోరు ఊరుకోలేదు. ఇంట్లో తెలుగు, పక్కింట్లో మరాఠీ, ఎదురింట్లో ఉర్దూ, బజారుకు పోతే కన్నడం, దేవుడి ముందు మాత్రం ఏది మొదట నోటికొస్తే అది అని చెప్పేశాను. ఆమె నవ్వి, "గడి చిన్నదమ్మా, ఒక్కటే పడుతుంది" అని తెలుగు రాసుకుంది. తిరిగొస్తూ ఆటోలో నాలో నేనే నవ్వుకుంటుంటే పాప నా గదవ పట్టుకొని "ఎందుకు నవ్వుతున్నావమ్మా" అంటుంది. దానికేం చెప్పను? ఆ గడిలో పట్టనిదంతా ఒక్కసారిగా మీదికొచ్చింది. నారాయణపేటలో మా వాకిలి, మా రాజక్కను చూసుకోవడానికి హద్దు అవతలి నుంచి నలుగురు వచ్చిన ఆ గురువారం, నేను చేసిన ఘనకార్యం, అన్నీ. ముప్పై నిండలేదు, అప్పుడే జ్ఞాపకాలు రాస్తావా అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. చేయనీ. దేవుడు నాకిచ్చినవి నేను లెక్క చూసుకోకుంటే ఇంకెవరు చూస్తారు?

మాకు వాకిలి ఒక్కటే, ఇళ్ళు మూడు. ఒకటి మాది, పక్కన మరాఠీవాళ్ళది, ఎదురుగా రజియా ఖాలాది. మాకూ మరాఠీవాళ్ళకూ మగ్గమే బతుకు. రజియా ఖాలా ఇంట్లో పట్టుకూ నూలుకూ రంగులు వేసేవాళ్ళు. వాళ్ళ గంగాళంలో ఆ పొద్దు ఏ రంగు మరిగితే మా వాకిట్లో మోరీ ఆ రంగులో పారేది. మిరపపండు రంగు పారిన రోజు ఊరి కుక్కలు కూడా దాన్ని దాటడానికి జంకేవి. పొద్దున లేస్తే మొదట గంజి వాసన, తర్వాత రంగు ఉడుకుతున్న వాసన, ఆ రెండింటినీ తోసుకొని జొన్నరొట్టె వాసన. ఇప్పటికీ ఎక్కడైనా రొట్టె పెనం మీద పొంగిన వాసన వస్తే, దాని వెనకనే టకటకమని మగ్గం చప్పుడు కూడా వస్తుందేమోనని నా చెవులు ఎదురుచూస్తాయి.

నాకు పుట్టినప్పటి నుంచి ఆయాసం. బడికి పంపిన మొదటి వారంలోనే చాక్‌పీసు పొడికి ఊపిరాడక రెండుసార్లు దవాఖానలో పడ్డాను. మూడోసారి నన్ను భుజాన వేసుకొని తెస్తూ బాపు, "ఇది బడికి పోవుడేంది, బడే దీని తానికి వస్తది తియ్" అన్నాడు. నిజంగానే వచ్చింది. పొద్దున బాపు మగ్గం గుంటలో కూర్చొని నేస్తూ నాకు తెలుగు అక్షరాలు చెప్పేవాడు. మధ్యాహ్నం మరాఠీ కాకు తాంబాళంలో జొన్నపిండి పరిచి నా వేలు పట్టుకొని వాళ్ళ అక్షరాలు రాయించేది. తప్పు రాస్తే చెరిపేది, ఒప్పు రాస్తే ఆ పిండితోనే రొట్టె చేసి పెట్టేది. ఎంత ఆకలిగా ఉంటే నాకు అంత బాగా చదువు వచ్చేది. కాకు అంటే మరాఠీలో చిన్నమ్మ, ఖాలా అన్నా ఉర్దూలో అదే. కాకు అసలు పేరు నాకు పెళ్లయ్యేదాకా తెలియదు. సాయంత్రం రజియా ఖాలా తన పదిరంగుల వేళ్ళతో ఉర్దూ రాయించేది. కన్నడం మాత్రం ఎవరూ నేర్పలేదు, సంతకు వచ్చే మిరపకాయల వాళ్ళతో బేరమాడుతుంటే అదే అంటుకుంది. లెక్కలు చీర గళ్ళలో ఉండేవి. మా ఊళ్ళో ఒకసారి పడుగు ఎక్కిస్తే ఎనిమిది చీరలు దిగుతాయి. ఎనిమిదో ఎక్కం నాకు నోటికి వచ్చినంత వేగంగా ఇంకే ఎక్కమూ రాలేదు.

కాకు నాకు చదువుతో పాటు మర్యాదలు కూడా నేర్పింది. అందులో పెద్ద మర్యాద ఒకటి ఉంది. ఇంటికి వచ్చిన ముత్తైదువ ఖాళీ ఒడితో గడప దాటకూడదు. బొట్టు పెట్టి, ఒడిలో ఇన్ని బియ్యం, ఒక కొబ్బరికాయ, రవికె గుడ్డ పెట్టి పంపాలి. వాళ్ళలో ఇది వచ్చిపోయే అందరికీ చేసే మన్నన. మనలోనూ ఒడిబియ్యం ఉంది కానీ దాని లెక్కే వేరు. పసుపు కలిపిన బియ్యం మన ఇంటి ఆడబిడ్డకే పోస్తాం. పోశామంటే "నువ్వు ఈ ఇంటి పిల్లవు, ఇది నీ పుట్టిల్లు" అని పదిమందిలో చెప్పినట్టు. ఈ తేడా తెలిసిన పెద్దవాళ్ళు వాకిలి నిండా ఉన్నారు. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. చాట మోసింది కూడా నేనే.

అప్పటికి నాకు పదిహేనేళ్ళు. కొత్త రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు. మా అక్క రాజేశ్వరికి ఇరవై రెండు. అప్పటికే మూడు సంబంధాలు వచ్చి పోయాయి. ఒకరికి అక్క రంగు తక్కువైంది. ఒకరికి నా ఆయాసం ఎక్కువైంది, అది ఇంటి జబ్బేమోనని వాళ్ళ అనుమానం. మూడో వాళ్ళు ఏమీ చెప్పకుండా పోయారు, అదే అన్నిటికన్నా బాధ. మూడోసారి తర్వాత అక్క మగ్గం మీద కూర్చుంటే లేచేది కాదు. నవ్వడం మానేసింది. అంతకు ముందు మా అక్క నవ్విందంటే రజియా ఖాలా ఇంట్లో మేక లేచి నిలబడేది, అంత గట్టిగా నవ్వేది. ఆ నవ్వు లేక మా వాకిలి బోసిపోయింది. నాలుగో సంబంధం గుర్మిట్కల్ పక్క ఊరి నుంచి వచ్చింది. మా ఊరి నుంచి బస్సెక్కితే గంటసేపు కూడా పట్టదు, మధ్యలో రాష్ట్రం మారుతుంది, అంతే. మా కులం వాళ్ళే. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. పిల్లవాడు మల్లికార్జున బస్సు డిపోలో మెకానిక్.

గురువారం మధ్యాహ్నం నలుగురు దిగారు. పిల్లవాడు, తల్లి నీలమ్మ, తండ్రి వీరన్న, వీరన్నకు అన్న సిద్దప్ప. వీరన్న మాట్లాడడు. ఆయన వంతు కూడా సిద్దప్పే మాట్లాడతాడు. సిద్దప్పకు పెళ్ళి లేదు, పంచె మడత నలగదు, వరసలూ వావులూ తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలియవని ఆయనకొక నమ్మకం. వచ్చిన గడియలోనే మా తాతల పేర్లు అడిగి నాలుగు తరాలు వెనక్కి పోయి వచ్చి, "పరవాలేదు, ఎక్కడా అడ్డు తగల్లే" అని తేల్చాడు. భక్షాలు పెట్టాం. పెట్టగానే మొదలైంది. మేము భక్షం అన్నాం, వాళ్ళు హోళిగె అన్నారు, చూడ్డానికి వచ్చిన కాకు పురణ్‌పోళీ అంది. నెయ్యి పోసుకొని తినాలని అమ్మ, పాలు పోసుకోవాలని కాకు. సిద్దప్ప రెండూ పోయించుకొని తిని తీర్పు చెప్పకుండా మూడోది అడిగాడు.

పిల్లవాడు మాత్రం తినకుండా మగ్గం వంకే చూస్తున్నాడు. ఉండబట్టలేక, "గీ కట్టె తొక్కితే గా దారాలెట్ల పైకి లేస్తున్నయ్?" అని అడిగాడు. అడిగింది బాపును. జవాబు చెప్పింది అక్క. "దిగి తొక్కి చూడు, తెలుస్తది." దిగాడు. డిపోలో బస్సుల కింద దూరేవాడికి మా గుంట మగ్గంలో కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. రెండూ ఒకేసారి తొక్కాడు. పడుగులో నాలుగు పోగులు టప్పున తెగాయి. ఆయన తలెత్తి, "బ్రేకు ఏదో, క్లచ్చు ఏదో చెప్పకపోతిరి" అన్నాడు. అక్క నవ్వింది. రజియా ఖాలా ఇంట్లో మేక లేచి నిలబడింది. నేను తలుపు వెనక నిలబడి రెండు చేతులూ జోడించి, స్వామీ, ఇతనే, ఇతనే అనుకున్నాను.

సిద్దప్ప లేచి పంచె దులుపుకొని, "యజమాన్రే, మాకు ఒప్పే. తాంబూలాలు పెద్దల పక్షం మొదలుగాకముందే తీసుకుందం" అన్నాడు. ఇక చూడండి నా సంతోషం. కాళ్ళు నేల మీద లేవు. అమ్మ బొట్టు గిన్నె కోసం ఇల్లంతా తిరుగుతోంది. కాకు గడప దగ్గర నిలబడి, నాకు సైగ చేస్తూ, "అగ బాయీ! నీలమ్మ ఖాళీ ఒడితోటి పోతాంది, చూస్తవేందే?" అంది. పాఠం గుర్తొచ్చింది. వంటింట్లోకి పరుగెత్తాను. మూల చాటలో బియ్యం ఉన్నాయి, కొబ్బరికుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ, అన్నీ పొందికగా పెట్టి ఉన్నాయి. నాకోసమే సిద్ధం చేసినట్టున్నాయి! అవి మర్నాడు మక్తల్ నుంచి వచ్చే మా మేనత్తకు పోయడానికి పెట్టిన ఒడిబియ్యమని, పసుపు కలిపి ఉన్నాయని ఆ తొందరలో నాకు తోచలేదు. చాట తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. ఆనందంలో ఉన్న మనిషి చేతిలో ఏది పెడితే అది చేస్తుంది. నీలమ్మ కొంగు పట్టింది. అమ్మ దోసిలితో పోసింది. ఒకటి, రెండు, మూడు. ఐదో దోసిలి పడ్డాక గానీ అమ్మకు తన చేతులకంటిన పసుపు కనబడలేదు.

మొదట మాట్లాడింది సిద్దప్ప. "ఇదేనమ్మా, తవరు మనె ఆయ్తల్ల!" అన్నాడు కన్నడంలో. పుట్టిల్లయిపోయింది గదా అని. నవ్వుతూనే అన్నాడు. అంటూ అంటూనే ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "ఆగుండ్రి. పసుపు బియ్యం పోస్తే బిడ్డె. నీలమ్మ ఈ యమ్మకు బిడ్డ ఆయె. గీ పిల్ల గూడ ఈ యమ్మకు బిడ్డే. అంటే నీలమ్మకు చెల్లె. మా మల్లిగానికి..." అక్కడ ఆగి, మూడు వేళ్ళు మడిచిన చెయ్యి అలాగే పట్టుకొని, "చిన్నమ్మ ఆయె గద!" అన్నాడు.

వాకిట్లో గోల లేచింది. అమ్మ ఏడుపు ముఖంతో, "తెల్వక పోసినమన్నా, నా బిడ్డ చేతికిచ్చింది పోసిన" అంటోంది. "తెల్వక పోస్తే బియ్యం గావా?" అన్నాడు సిద్దప్ప. కాకు ముందుకొచ్చి, "మా దాంట్ల అందరికీ పోస్తం బాబా, నేను ఊళ్ళ సగం మందికి పోసిన, అందరూ నాకు బిడ్డలైన్రా?" అని వాదించింది. "మీ బియ్యం తెల్లటియి, ఇవి పచ్చటియి" అన్నాడాయన. ఈ గొడవకు రజియా ఖాలా రంగు చేతులతోనే వచ్చింది. అందరూ ఆశగా ఆమె వంక తిరిగారు, వాళ్ళలో వరసల పట్టింపు తక్కువని. ఆమె గదవ కింద చెయ్యి పెట్టుకొని ఆలోచించి ఆలోచించి, "దేఖో, మా దాంట్ల పెద్దమ్మ బిడ్డను చేసుకుంటరు, చిన్నమ్మ బిడ్డను గూడ చేసుకుంటరు. గాని సీదా చిన్నమ్మనే చేసుకునుడు మాత్రం ఏడ లేదమ్మా" అంది. అయిపోయింది. ఉన్న ఒక్క కిటికీ కూడా మూసుకుంది.

గుంటలోంచి ఇంకా పైకి రాని మల్లికార్జున మగ్గం దారాల నడుమ నుంచి తల మాత్రం పెట్టి అందరినీ చూస్తున్నాడు. అక్క గోడకు చేరింది. నేను తలెత్తి చూడలేకపోయాను. నా ఛాతీలో పిల్లనగ్రోవి మొదలైంది, ఆయాసం వచ్చినప్పుడు అట్లా మోగుతుంది. దేవుడి గూటి ముందుకు పోయి కూర్చొని మొక్కుకున్నాను. నా ఆయాసం జన్మంతా ఉండనీ స్వామీ, ఒక్క మాట కూడా అడగను. అక్క నవ్వు మాత్రం తీసుకుపోకు. ఇవాళే వచ్చింది.

సిద్దప్ప చివరికి ఒక దారి చెప్పాడు. "నీలమ్మా, గా బియ్యం మళ్ళ చాటల పొయ్యి. ఇచ్చింది వాపసు ఇస్తే వరస పోతది. పెండ్లి నిలుస్తది." చాలా సులువైన దారి. అమ్మ చాట పట్టింది. నీలమ్మ కొంగు రెండు చేతులతో పొట్టకు అదుముకొని ఒక అడుగు వెనక్కి వేసింది.

"పొయ్య" అంది.

"పొయ్యకపోతే ఎట్లనే?"

"పొయ్య బావా. మా అమ్మ పొయ్యి పద్దెనిమిది ఏండ్లాయె. అన్నలు ఇద్దరూ ఊరు ఇడిచి పాయిరి. ఇల్లు గూడ అమ్ముకపాయిరి. గిప్పటిదాక నా ఒడిల ఎవ్వరన్నా పిడికెడు బియ్యం పోసిన్రా? పంచమికి వాడకట్టు ఆడోళ్ళంత తవరింటికి పోతుంటే నేను వాకిలి ఊడ్చుకుంట గూసుంటి. వీళ్ళు తెలిసి పోసిన్రో తెల్వక పోసిన్రో, నాకు ఎరుక లేదు. నా ఒడి నిండింది. మళ్ళ ఖాళీ చెయ్యమంటే చెయ్య."

"అయితే కోడలు వద్దా?"

"కోడలు గావాలె, తవరు గావాలె. రెండూ గావాలె!" అని చిన్నపిల్లలా కాలు నేలకేసి కొట్టింది. కొంగులో కుడుకలు గలగలమన్నాయి.

అప్పుడు మొదటిసారి, చివరిసారి కూడా, వీరన్న నోరు తెరిచాడు. "అదే మంచిగుంది" అన్నాడు. సిద్దప్ప తమ్ముడి వంక ఎంత వింతగా చూశాడంటే, మగ్గం మాట్లాడినా అంత వింతపడి ఉండడు. కానీ మంచిగుందంటే వరస కుదరాలి గదా. ఇటు చూస్తే చిన్నమ్మ, అటు చూస్తే నీలమ్మ కన్నీళ్ళు.

మా అవ్వ అంతసేపూ గడప పక్కన రాట్నం ముందు కూర్చొని నూలు కండెలు చుడుతూనే ఉంది. బాపుకు తల్లి. మనుషులతో తక్కువ, దేవుడితో ఎక్కువ మాట్లాడేది. పొద్దున్నే దీపం పెట్టి ఇంటి సంగతులన్నీ ఆయనకు చెప్పి, చెప్పినా వినడం లేదని కోప్పడి లేచేది. ఆ రోజు రాట్నం ఆపి, తెగిన పోగును నాలుక మీద తడిపి ముడేసి, తలెత్తకుండానే, "సిద్దప్పా, లెక్క మంచిగనే చేసినవ్. ఒక తాన తప్పినవ్" అంది.

"ఏడ తప్పినవ్వా?"

"బియ్యం ఎవరివో అడిగినవా?"

"పోసింది నీ కోడలు గద!"

"చేతులు కోడలివి. బియ్యం నావి. మక్తల్‌ల ఉన్న నా బిడ్డకు నేను పెట్టుకున్న ఒడిబియ్యం. పొద్దుగాల తానం చేసి నా చేత్తోని పసుపు గలిపిన. నా నొసట బొట్టు లేదు, నేను పొయ్యొద్దంటరు గనుక కోడలు చేతులు ఎరువు తీసుకున్న. ఎరువు చేతులు పోస్తే అమ్మ అయితదా? గట్లయితే ఊళ్ళ బియ్యం అమ్మే కోమటి అందరికీ తండ్రే."

అమ్మ ఏదో అనబోయి నోరు మూసుకుంది. సిద్దప్ప వేళ్ళు మళ్ళీ విప్పాడు, మళ్ళీ మడిచాడు. ఈసారి మెల్లగా. "నీ బియ్యం అయితే నీలమ్మ నీకు బిడ్డ. ఈ యజమానికి చెల్లె. ఈ పిల్లకు మేనత్త." చిటికెన వేలు దగ్గర ఆగాడు. ఆయన ముఖం వెలగడం నేను గూటి ముందు నుంచి చూశాను, ముందు కళ్ళు, తర్వాత మీసం. "మేనత్త కొడుకా! మేనరికమా! యజమాన్రే, ఇగ మీరు ఇయ్యనన్నా మేము విడిచిపెట్టం. హక్కు!" అని అరిచి, నవ్వి, కూర్చొని, మిగిలిన భక్షం అడిగాడు. మల్లికార్జున గుంటలోంచి పైకి రాబోయి ఇంకో రెండు పోగులు తెంపాడు. "గీ బావ వచ్చినప్పుడల్లా గింత నష్టమైతే ఎట్లనే రాజీ" అని బాపు అంటే, అక్క నవ్వు ఎక్కడి దాకా వినబడిందో నేను చెప్పలేను. నా ఛాతీలో పిల్లనగ్రోవి ఎప్పుడు ఆగిపోయిందో కూడా తెలియదు. ఆరు పోగులు ముడి వేయడానికి బాపుకు సాయంత్రమైంది. వేస్తున్నంతసేపూ ఈల వేశాడు.

మర్నాడు మా అసలు మేనత్త మక్తల్ బస్సు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కొని పీట మీద కూర్చుంది. ఒడి పట్టింది. ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. బియ్యం ఉన్నాయి కానీ కుడుకలు లేవు, రవికె గుడ్డ లేదు, ఖర్జూరాలు నిన్నటి ఆనందంలో నేనే తిన్నాను. సంగతంతా విని ఆమె మొదట అలిగింది. తర్వాత, "అంటే నా కుడుకలు పోయినయ్, ఒక అక్క దొరికింది. మంచిదే. గిప్పటిదాక మా అన్నతోని కొట్లాడనీకె ఒక్కదాన్నే ఉంటి" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆమెకు కాకు ఇంటి నుంచి కుడుకలు, రజియా ఖాలా పెట్టెలోంచి గులాబీ రంగు రవికె గుడ్డ వచ్చాయి. పసుపు మాత్రం మాదే.

పెళ్లి అయింది. దాని గురించి రాయను, పెళ్ళిళ్ళు అందరికీ తెలుసు. తర్వాత వచ్చిన శ్రావణం గురించి రాస్తాను. హద్దు అవతల నాగుల పంచమి అంటే ఆడపిల్లలు పుట్టింటికి పోయే పండుగ. కొత్త పెళ్ళికూతురు వస్తుందని బాపు బస్టాండుకు పోయాడు. బస్సులోంచి అక్క దిగింది. దాని వెనక సంచి పట్టుకొని నీలమ్మ దిగింది. "ఏం అన్నా, చెల్లెను తోలుకపోనీకె రాకపోతివి. నేనే వచ్చిన" అంది. అత్తా కోడలూ ఒకే బస్సులో ఒకే పుట్టింటికి వచ్చారు! ఐదు రోజులున్నారు. మూడు ఇళ్ళ ఆడవాళ్ళు కలిసి ఉయ్యాల కట్టించుకున్నారు, నువ్వుల ఉండలు చేశారు. నీలమ్మ ఉయ్యాల మీద నిలబడి ఊగుతూ పాడుతుంటే, నలభై ఐదేళ్ళ మనిషి పదేళ్ళ పిల్లలా కనబడింది. పుట్టింట్లో అత్త పెత్తనం చెల్లదని అక్క అంటే, నా పుట్టింట్లో నా పెత్తనమే చెల్లుతుందని ఆమె. మూడో రోజు సిద్దప్ప ఫోన్ చేశాడు. ముగ్గురు మగవాళ్ళే ఉన్నారు ఆ ఇంట్లో. "రొట్టెకు నీళ్ళు మసిలినంక పిండి పోసుడా, పిండి పోసినంక నీళ్ళు మసిలిచ్చుడా?" వెనక నుంచి ఏదో మాడుతున్న చప్పుడు కూడా వినబడింది. నీలమ్మ ఫోన్ చెవికి పెట్టుకొని, "బావా, నేను తవరింట్ల ఉన్న. నాకు వంట సంగతులు ఎరుక లేదు" అని పెట్టేసింది. మేమంతా నేల మీద పడి నవ్వాం.

ఇప్పుడు మా ఊరు జిల్లా అయింది. మా వీధిలోకి కార్లు వస్తాయి. మా వాకిట్లో మోరీ మీద సిమెంటు పలకలు వేశారు, అది ఏ రంగులో పారుతుందో తెలియదు. రజియా ఖాలా రంగులు ఇప్పుడు పొట్లాలలో వస్తాయి, ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి. మగ్గాలు తగ్గాయి. షాద్‌నగర్‌లో మా అపార్ట్‌మెంటులో నలభై కుటుంబాలున్నాయి, కంపెనీల పనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. ఎన్ని భాషలో! అందరం లిఫ్టులో కలుస్తాం, అందరం ఒకేలా నవ్వుతాం, ఎవరికి ఎవరు ఏమవుతారో లెక్క తేల్చే సిద్దప్ప మాత్రం లేడు. నాకు దాని మీద ఫిర్యాదు లేదు. పై అంతస్తులో ఒరియా అమ్మాయి ఉంది, మా పాప ఆమెను పిలిచే పిలుపు ఇంకా ఖాయం కాలేదు. నెలకొకటి మారుస్తోంది. మంచి శకునమే.

మొన్న శ్రావణంలో మా ఊరికి పోయాను. అక్క వచ్చింది, నీలమ్మత్త వచ్చింది. ఇద్దరూ ఎవరు ముందు స్నానం చేయాలో కొట్లాడుకుంటున్నారు. మా అవ్వకు ఎనభై దాటాయి, చూపు మందగించింది, రాట్నం మాత్రం ఆపలేదు. పక్కన కూర్చొని ఆ గురువారం సంగతి కదిపాను. ఇన్నేళ్ళుగా అమ్మ నోరు తెరిచి మూసుకోవడం నా కళ్ళ ముందు ఉంది.

"అవ్వా, గా పొద్దు పసుపు నిజంగ నువ్వే కలిపినవా?"

"యాడిది? బియ్యం మీ బాపు తెచ్చిండు, పసుపు మీ అమ్మ కలిపింది. నేను గా చాట ముట్టలే."

"అయితే అబద్ధం ఆడితివా! గూట్ల దేవుడు చూస్తనే ఉండె గద!"

అవ్వ కండె మార్చింది. లోపల నీలమ్మత్త గొంతు, "అమ్మా, నా తువ్వాల ఏడ పెట్టినవే" అని అవ్వను గట్టిగా పిలుస్తోంది.

"గానాడు అబద్ధమే" అంది అవ్వ. "పంచమికి నీలమ్మ సంచి పట్టుకొని బస్సు దిగిననాడు నిజమాయె. గూట్ల ఆయినకు గప్పుడే చెప్పిన. లే, దానికి తువ్వాల ఇచ్చి రాపో, అరుస్తాంది నా బిడ్డ."